కానూరు–పోరంకి: ధరకూ అద్దెకూ పొత్తు కుదరని బందరు రోడ్డు

బెంజి సర్కిల్ నుంచి బందరు రోడ్డు పట్టుకుని మచిలీపట్నం వైపు కదిలితే పటమట, ఆటోనగర్, కానూరు కామయ్యతోపు, తాడిగడప, పోరంకి, పెనమలూరు ఒకదాని వెనుక ఒకటి వచ్చేస్తాయి. విజయవాడ ఎక్కడ అయిపోయిందో, పక్క ఊరు ఎక్కడ మొదలైందో బోర్డు చూస్తే తప్ప తెలియదు. కొన్ని దశాబ్దాల కిందటి దాకా ఈ రోడ్డుకు రెండు పక్కలా వరి, చెరకు. 1855లో పూర్తయిన కృష్ణా ఆనకట్ట, ఆ తర్వాత 1957లో వచ్చిన ప్రకాశం బ్యారేజీ కాలవల ద్వారా పంపిన నీళ్లతో పండిన నేల. ఇప్పుడు ఆ నేలను గజాల్లో అమ్ముతున్నారు.

ఇక్కడ స్థలాల ధర ఎప్పుడు పెరుగుతుందని అడిగితే "రాజధాని పనులు ఊపందుకుంటే పెరుగుద్ది" అంటారు. అద్దెలు ఎప్పుడు పెరుగుతాయని అడిగితే "కాలేజీలు తెరిస్తే పెరుగుద్ది" అంటారు. ఒకే ఇంటికి రెండు క్యాలెండర్లు. ఈ ప్రాంతపు ఇళ్ల మార్కెట్టును అర్థం చేసుకోవాలంటే ఆ రెండు జవాబుల మధ్య దూరం చూడాలి. ధరను నిలబెడుతున్నది ఈ చుట్టుపక్కల ఊళ్లు వదిలి వెళ్లినవాళ్లు. అద్దెను నిలబెడుతున్నది ఇక్కడికి వచ్చి చేరినవాళ్లు. వెళ్లిన వలసా వచ్చిన వలసా ఒకే అపార్ట్‌మెంట్లో కలుస్తాయిగానీ వాటి ఆదాయాలకు పోలికే లేదు. సంపాదించే కరెన్సీ కూడా చాలాసార్లు వేరు.

జనం ఎందరు?

మొదటి చిక్కు లెక్కల దగ్గరే. 2011 తర్వాత జనగణన జరగలేదు. తర్వాతి జనగణనకు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా కేంద్రం 2025 జూన్‌లో ప్రకటించింది. అప్పటిదాకా మన చేతిలో ఉన్నవి రాష్ట్ర విభజనకు ముందరి అంకెలే.

అయినా ఆ పాత అంకెలు ఒక సంగతి గట్టిగానే చెబుతాయి. 2001లో విజయవాడ కార్పొరేషన్ జనాభా 8.5 లక్షలు, చుట్టుపక్కల కలుపుకున్న మహానగర ప్రాంతం జనాభా 10.4 లక్షలు. 2011కి కార్పొరేషన్ 10.3 లక్షలకు, మహానగర ప్రాంతం 14.8 లక్షలకు చేరాయి. అంటే కార్పొరేషన్ హద్దుకు అవతల ఉన్న పట్టణ జనం పదేళ్లలో 1.9 లక్షల నుంచి దాదాపు నాలుగున్నర లక్షలయ్యారు. ఇందులో కొంత, కొత్త ఊళ్లను పట్టణంగా గుర్తించడం వల్ల కలిసొచ్చిన పెరుగుదల. ఆ భాగం తీసేసినా నగరం తన అంచుల్లోనే పెరిగిందన్నది స్పష్టం. కార్పొరేషన్ విస్తీర్ణం 62 చదరపు కిలోమీటర్లలోపే. అందులో కొండలు, కాలవలు, రైల్వే యార్డు, కృష్ణ ఒడ్డు పోగా మిగిలిన నేల ఎప్పుడో నిండిపోయింది. చదరపు కిలోమీటరుకు సగటున 16 వేల మందికి పైగా ఉన్న ఊళ్లో కొత్తగా వచ్చినవాడు ఇల్లు వెతుక్కోవాలంటే హద్దు దాటక తప్పదు.

కానూరు, పోరంకి, యనమలకుదురు, తాడిగడప 2011లో 'జనగణన పట్టణాలు'. జనమూ, వృత్తులూ పట్టణానివి, పాలన మాత్రం పంచాయతీది. 2020 చివర్లో ఈ నాలుగింటినీ కలిపి తాడిగడప మున్సిపాలిటీ చేసేదాకా అపార్ట్‌మెంట్ల మధ్య డ్రైనేజీ బాధ్యత పంచాయతీ కార్యాలయాలదే. ఇప్పటికీ చాలా వీధుల్లో కనిపించే సెప్టిక్ ట్యాంకులూ, నీళ్ల ట్యాంకర్లూ ఆ రోజుల వారసత్వమే.

వలస లెక్కల్లో ఇంకో మెలిక ఉంది. జనగణన ప్రకారం పుట్టిన ఊరో, అంతకుముందు ఉన్న ఊరో మారితే వలస. పెళ్లయి మెట్టినింటికి వచ్చిన ఆడపిల్ల కూడా వలసే. 2011లో దేశంలో దాదాపు 45 కోట్ల మందిని వలసదారులుగా లెక్కిస్తే, అందులో అతి పెద్ద కారణం పెళ్లే. కాబట్టి 'ఈ ఊళ్లో సగం మంది వలసవచ్చినవాళ్లే' లాంటి మాట పత్రికల్లో కనిపిస్తే, ఉయ్యూరు నుంచి కానూరు కోడలిగా వచ్చిన మనిషిని, బిహార్ నుంచి ఆటోనగర్ షెడ్డుకు వచ్చిన కుర్రాణ్ని ఒకే గంపలో వేశారేమో చూసుకోవాలి.

వచ్చినవాళ్లు, వాళ్ల అద్దె

అద్దెకుండేవాళ్లలో అన్నిటికంటే స్థిరమైన వర్గం గురించి తక్కువగా మాట్లాడతారు. పిల్లల చదువు కోసం పల్లె నుంచి వచ్చిన కుటుంబాలు. తండ్రి అవనిగడ్డ వైపో, తిరువూరు వైపో వ్యవసాయం చూసుకుంటూ ఊళ్లోనే ఉంటాడు. తల్లి ఇద్దరు పిల్లలతో ఇక్కడ డబుల్ బెడ్‌రూమ్ పోర్షన్లో ఉంటుంది. బియ్యం, పప్పు ఊరి నుంచి వస్తాయి. ఆదివారం పూట ఆయనా వస్తాడు. కార్పొరేట్ కాలేజీల వ్యాపారం విజయవాడలో పుట్టి పెరిగిందే. శ్రీ చైతన్య ఇక్కడే 1986లో మొదలైంది. దానికి తొమ్మిదేళ్ల ముందే, 1977లో, కానూరులో వి.ఆర్. సిద్ధార్థ ఇంజినీరింగ్ కాలేజీ వచ్చింది. ఈ రెండు రకాల చదువుల మధ్య బందరు రోడ్డు మీద స్కూలు, జూనియర్ కాలేజీ, కోచింగ్, హాస్టల్ అంటూ ఒక పూర్తి గొలుసు ఏర్పడింది.

ఈ కుటుంబాలు పదో తరగతిలోనో, ఇంటర్‌లోనో వచ్చి, పిల్లాడి ఇంజినీరింగ్ అయ్యాక వెళ్లిపోతాయి. నాలుగైదేళ్ల కాపురం. ఇంటి యజమానికి ఇంతకంటే మంచి అద్దెదారులు దొరకరు: గొడవ ఉండదు, అద్దె ఆగదు. కానీ పెంచడానికీ వీలుండదు. ఆ అద్దెకు మూలం ధాన్యం డబ్బు, కౌలు డబ్బు. పొలం ఆదాయం పెరిగిన మేరకే పెరుగుతుంది. అద్దెల సీజను కూడా వీళ్లనుబట్టే నడుస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో టు-లెట్ బోర్డులు మాయమవుతాయి. జూన్ చివర్లోనో, జులైలోనో ఆషాఢం వస్తే ఇల్లు మారేవాళ్లు ఉండరు. అప్పటికి ఖాళీగా మిగిలిపోయిన ఇంటికి శ్రావణం దాకా అద్దె మీద బేరమాడే వీలు ఉంటుంది. మూఢం వస్తే మళ్లీ అదే కథ. మార్కెట్ నివేదికలు మూణ్నెల్ల లెక్కలు వేస్తాయిగానీ, ఈ రోడ్డు మీద పంచాంగం తీసి చూస్తే ఖాళీల సంగతి ఇంకా బాగా తెలుస్తుంది.

రెండో వర్గం ఆటోనగర్ మీద ఆధారపడినవాళ్లు. ఊరి మధ్యనున్న మెకానిక్ షెడ్లకు 1960ల్లో చోటు చూపించిన పారిశ్రామిక వాడ అది. లారీ బాడీలు కట్టడం, ఇంజన్ పని, లేత్, పెయింటింగ్, పాత సామాను. ఆసియాలోనే పెద్దదని స్థానికులు గర్వంగా చెప్పుకుంటారు. పెద్దది అవునో కాదో పక్కనపెడితే, కానూరు సనత్‌నగర్ లాంటి కాలనీలు పెరిగింది దీని కూలి మీదే. ఈ పనిలో మొదటి తరం గుంటూరు, ప్రకాశం, నల్గొండ వైపు నుంచి వచ్చింది. ఇప్పుడు వెల్డింగు, పెయింటింగు దగ్గర హిందీ, ఒడియా మాటలు మామూలు. అపార్ట్‌మెంట్లు కట్టే పనిలోనూ అంతే: తాపీ, సెంట్రింగు పనికి శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి, రాడ్ బెండింగుకు బిహార్, బెంగాల్ నుంచి, టైల్సు, గ్రానైట్ పనికి రాజస్థాన్ నుంచి.

వీళ్లు చెల్లించే అద్దె చూస్తే ఒక విడ్డూరం బయటపడుతుంది. లెక్క కోసం 120 చదరపు అడుగుల గది అనుకుందాం. ఆరుగురు కుర్రాళ్లు తలా 1,500 ఇస్తే నెలకు 9,000. చదరపు అడుగుకు 75 రూపాయలు. పక్క వీధిలో 1,200 చదరపు అడుగుల ఫ్లాటుకు 15,000 అద్దె అనుకుంటే చదరపు అడుగుకు 12.50. అంకెలు ఊహించుకున్నవే, కానీ నిష్పత్తి ఏ వైపు మొగ్గుతుందో ఎవరైనా షెడ్ల వెనక గదులు చూస్తే ఒప్పుకుంటారు. తక్కువ సంపాదించేవాడు చదరపు అడుగుకు ఎక్కువ కడతాడు. అతని పేరు మీద అగ్రిమెంటు ఉండదు, గది మేస్త్రి పేరు మీదో, షెడ్డు ఓనరు పేరు మీదో ఉంటుంది.

ప్రభుత్వ పథకాలు వీళ్లకు అందకపోవడానికీ కారణం ఇక్కడే ఉంది. రాష్ట్రంలో ఏ ప్రభుత్వమొచ్చినా పేదల ఇల్లంటే పట్టా, సొంత ఇల్లు. 2020 డిసెంబరులో పట్టణాల్లో సెంటు చొప్పున స్థలాలు పంచారు, ఆ తర్వాత వచ్చిన ప్రభుత్వం రెండు సెంట్లు అంది. రేషన్ కార్డూ ఓటూ ఇక్కడ లేని మనిషికి కావలసింది నాలుగేళ్లు ఉండగలిగిన శుభ్రమైన అద్దె గది. కేంద్రం 2020లో వలస కార్మికుల కోసం చౌక అద్దె గృహ సముదాయాల పథకం ప్రకటించింది, కానీ అద్దె గదికి ఓటు రాదు కనుక దాని మీద ఇక్కడి రాజకీయాలకు ఆసక్తి పుట్టలేదు.

మూడో వర్గం ఉద్యోగులు. 2016లో సచివాలయం, శాఖాధిపతుల కార్యాలయాలు హైదరాబాదు నుంచి తరలివచ్చినప్పుడు విజయవాడ అద్దెలు ఒక్కసారిగా ఎగిశాయి. పదేళ్ల కాలంలో ధరా అద్దే కలిసి పరిగెత్తిన సందర్భం ఏదైనా ఉందంటే అదొక్కటే. అది కూడా సగమే నిజం, ఎందుకంటే ఉద్యోగుల్లో చాలామంది కుటుంబాలను హైదరాబాదులోనే ఉంచి, ఇక్కడ నలుగురైదుగురు కలిసి ఫ్లాటు తీసుకుని, శుక్రవారం సాయంత్రం రైలెక్కారు. డబుల్ బెడ్‌రూమ్ అద్దె పెరిగింది, కాపురాలు పెరగలేదు.

ఇక ఆసుపత్రుల చుట్టూ తిరిగే పది రోజుల అద్దెలు, నర్సింగ్ అమ్మాయిల హాస్టళ్లు, డెలివరీ కుర్రాళ్ల గదులు ఉండనే ఉన్నాయి.

అద్దె నిర్ణయంలో డబ్బుతో పాటు పనిచేసే ఇంకో సంగతి కులం. "ఏమిట్లు?" అన్న ప్రశ్న ఫోన్లో రెండో వాక్యంగా వస్తుంది. 'శాకాహారులకు మాత్రమే' అని బోర్డు రాస్తే అందరికీ అర్థమయ్యే అర్థం వేరు. దళిత కుటుంబాలకు, ముస్లిం కుటుంబాలకు, పెళ్లికాని కుర్రాళ్లకు దొరికే ఇళ్ల సంఖ్య తగ్గిపోతుంది, తగ్గినచోట అద్దె పెరుగుతుంది. అటువైపు ఖాళీగా పడున్న ఫ్లాటు మాత్రం 'మనవాళ్ల' కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. అద్దెల సగటు తీసే ఏ నివేదికలోనూ ఈ అదనపు భారం కనిపించదు.

వెళ్లినవాళ్లు, వాళ్ల ధర

ఇప్పుడు రెండో క్యాలెండరు. కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి అమెరికా వెళ్లినవాళ్లు ఎందరో చెప్పే కచ్చితమైన లెక్క లేదుగానీ, తెలుగు మాట్లాడేవాళ్లు అమెరికాలో 2010–17 మధ్య 86 శాతం పెరిగారని అక్కడి ప్రభుత్వ సర్వే అంకెల ఆధారంగా వేసిన అంచనా ఒకటి ప్రచారంలో ఉంది. వాళ్ల పొదుపు సొంత జిల్లాకు రావడంలో వింత లేదు. వచ్చిన డబ్బు ఇక్కడ ఫ్లాటు, ప్లాటు రూపంలోనే ఎందుకు స్థిరపడుతుందన్నదే ఆలోచించాల్సింది.

కొంత సెంటిమెంటు, కొంత చట్టం. విదేశీ మారక ద్రవ్య నిబంధనల ప్రకారం ప్రవాస భారతీయులు వ్యవసాయ భూమి, తోటలు, ఫామ్‌హౌస్ కొనకూడదు. వారసత్వంగా వస్తే ఫరవాలేదు. కాబట్టి డాలర్లకు దొరికే ఆస్తి నివాస స్థలమో, ఫ్లాటో, దుకాణమో కావాలి. పొలాన్ని లేఅవుట్ చేసి అమ్మేవాడికి ఈ నిబంధన ఒక వరం: ఎకరంలో 4,840 గజాలు, రోడ్లూ ఖాళీ స్థలమూ పోగా అమ్మకానికి సగం పైచిలుకు మిగిలినా, ఆ గజాలు కొనగలిగేవాళ్ల వరస పొలం కొనగలిగేవాళ్ల వరసకంటే చాలా పొడుగు.

మారకపు రేటు చేసే పని ఇంకా ఆసక్తికరం. 2014 మధ్యలో డాలరు 60 రూపాయల దగ్గర ఉంది. 2025లో 85 దాటింది. 2014లో 42 లక్షలు పలికిన ఫ్లాటు అంటే 70 వేల డాలర్లు. అదే ఫ్లాటు 2025లో దాదాపు 60 లక్షలన్నా, డాలర్లలో అప్పటికీ 70 వేలే. ఇక్కడి లెక్చరరుకు 18 లక్షలు పెరిగినట్టు కనిపించేది డాలస్‌లో ఉన్న అతని తమ్ముడికి అసలు పెరగనట్టే. ధర ఎక్కువైందని ఒకరు వెనక్కి తగ్గేచోట మరొకరికి ఇంకా చౌకగానే అనిపిస్తుంది. స్థానిక జీతాలు మోయలేని ధర నిలబడటానికి ఇంతకంటే పెద్ద కారణం వెతకక్కర్లేదు.

మిగతాది అమరావతి. 2014 సెప్టెంబరులో విజయవాడ ప్రాంతంలో రాజధాని అన్న ప్రకటన, 2015 అక్టోబరులో శంకుస్థాపన, 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట, 2022 మార్చిలో హైకోర్టు తీర్పు, 2024 జూన్‌లో ప్రభుత్వ మార్పు, 2025 మే 2న పనుల పునఃప్రారంభం. ఈ తేదీలన్నీ కృష్ణకు అవతలి ఒడ్డు సంగతులు. అయినా ఇవతలి ఒడ్డున పోరంకిలో గజం ధర ఊగింది వీటితోనే. నిజానికి 2020, 21లలో అమ్మకాలు చచ్చుబడ్డాయన్నదే సరైన మాట, ధరలు పడ్డాయన్నది అంత సరైంది కాదు. చేతిలో డబ్బు ఉన్న యజమాని తక్కువకు అమ్మడు, అమ్మకుండా కూర్చుంటాడు. బ్యాంకు అప్పు మీద కొన్నవాడే తగ్గించుకుంటాడు. ఇక్కడ మొదటి రకం ఎక్కువ కనుక పతనం బోర్డు మీద కనిపించలేదు, రిజిస్ట్రేషన్ల వేగంలో కనిపించింది.

మెట్రో సంగతి చెప్పకపోతే బ్రోకర్లు నొచ్చుకుంటారు. నెహ్రూ బస్ స్టేషన్ నుంచి పెనమలూరు దాకా పన్నెండున్నర కిలోమీటర్ల కారిడార్ పదేళ్లుగా కాగితం మీద ఉంది. బస్సు మాత్రం వస్తోంది. ఇళ్ల ధరలో మాత్రం ఆ స్టేషన్లు ఎప్పుడో కట్టేసినట్టే లెక్క.

పది ఫ్లాట్ల లెక్క

ఈ పట్టీలో ఇళ్లు కట్టే పద్ధతి కూడా ధరకు సాయపడుతుంది. పెద్ద కంపెనీలు ఇటు తక్కువ. ఎక్కువ భాగం డెవలప్‌మెంట్ అగ్రిమెంట్లే. పాత రైతు కుటుంబానికి 500 గజాల స్థలం ఉందనుకుంటే, బిల్డరు తన డబ్బుతో స్టిల్టు (కింద పార్కింగుకు వదిలిన అంతస్తు) మీద ఐదు అంతస్తులు, అంతస్తుకు రెండు చొప్పున పది ఫ్లాట్లు కడతాడు. సగం స్థలయజమానికి, సగం బిల్డరుకు. ఒక్కో ఫ్లాటుకు నేలలో 50 గజాల అవిభాజ్య వాటా, అంటే విడదీసి అమ్మలేని వాటా. స్థలయజమాని పైసా పెట్టకుండా ఐదు ఫ్లాట్లకు యజమాని అవుతాడు. అందులో ఒకదానిలో తను ఉంటాడు, ఒకటి కూతురికి, మిగతావి అద్దెకు. అమ్మాల్సిన తొందర లేదు. మార్కెట్లోకి అమ్మకానికి వచ్చేది బిల్డరు సగం మాత్రమే.

రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లకు మించని స్థలానికీ, ఎనిమిది ఫ్లాట్లకు మించని కట్టడానికీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. 500 చదరపు మీటర్లంటే దాదాపు 598 గజాలు. పై ఉదాహరణలోని స్థలం 418 చదరపు మీటర్లే, కాబట్టి స్థలం కొలత ఒక్కటే చూస్తే, పది ఫ్లాట్లున్నా రెరా రిజిస్ట్రేషన్ అక్కర్లేదని వాదించే వీలుంది. ఈ వీధుల్లో ఎక్కువగా కనిపించే భవనాల సైజు ఇదే కావడం యాదృచ్ఛికం కాదేమో. రెరా రిజిస్ట్రేషన్ లేనిచోట కొనేవాడికి దక్కేది బిల్డరు మాట, ప్లాను కాపీ, పక్కింటివాళ్ల భరోసా. పంచాయతీల కాలంలో ప్లానుకు మించి వేసిన అంతస్తులు, పెంట్‌హౌసులు రిజిస్ట్రేషన్ కాగితాల్లో ఎలా ఉన్నాయో లాయరు చేత చూపించుకోకుండా కొంటే, తర్వాత క్రమబద్ధీకరణ పథకం ఎప్పుడొస్తుందా అని చూస్తూ ఉండాలి.

ఇప్పుడు జీతం మీద బతికే కుటుంబం కోణంలో ఒక కూడిక. 70 లక్షల ఫ్లాటు అనుకుందాం. పూర్తి విలువకు చేయిస్తే స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం, అంటే 5.25 లక్షలు. 14 లక్షలు చేతి డబ్బు, 56 లక్షలు అప్పు. 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్లు. నెలకు 48,600 చొప్పున కిస్తీ. అదే ఫ్లాటు అద్దెకు 15,000కు దొరుకుతుందనుకుంటే, యజమానికి ఏడాదికి వచ్చేది 1.8 లక్షలు, అంటే పెట్టుబడి మీద 2.6 శాతం. మెయింటెనెన్సు, పన్ను, మధ్యలో రెండు నెలల ఖాళీ తీసేస్తే రెండు దాటదు. బ్యాంకు డిపాజిట్టులో వేసుకున్నా ఇంతకు రెండు మూడు రెట్లొస్తుంది. అంకెలు అటూ ఇటూ మార్చుకున్నా, కిస్తీకి అద్దె మూడో వంతు దగ్గరే తిరుగుతుంది. అద్దె కోసం ఎవరూ కొనరనీ, ధర పెరుగుతుందన్న నమ్మకానికో, అమ్మానాన్నలకు లిఫ్టున్న ఇల్లు కావాలన్న అవసరానికో కొంటున్నారనీ దీన్నిబట్టి తేలుతుంది. స్థానిక ఉద్యోగికి మాత్రం అద్దె ఇల్లే లాభం. ఆ మాట ఇంట్లో పెద్దవాళ్లకు చెప్పి ఒప్పించడం వేరే సంగతి.

ప్రభుత్వం కూడా ఈ ఎడంలో ధర పక్షమే వహించింది. పట్టణాల్లో ఆస్తి పన్నును అంతకుముందు ఇంటికి రాగల అద్దె విలువను బట్టి వేసేవారు. 2020లో చట్టం మార్చి, 2021 ఏప్రిల్ నుంచి మూలధన విలువను, అంటే రిజిస్ట్రేషన్ విలువ ఆధారంగా కట్టిన అంకెను, ప్రాతిపదిక చేశారు. ఏడాదికి పెంపు 15 శాతం దాటకూడదని ఒక కళ్లెం వేశారు. 2025 ఫిబ్రవరిలో రిజిస్ట్రేషన్ విలువలు మళ్లీ సవరించారు. అద్దె కదలకపోయినా పన్ను కదిలే ఏర్పాటు ఇది. దాన్ని యజమాని అద్దెదారు మీదికి నెడదామంటే ధాన్యం డబ్బుతో వచ్చిన తల్లి పక్క సందుకు మారిపోతుంది.

నీళ్లు ఎటు వెళ్తాయి

2024 సెప్టెంబరు మొదటి వారంలో బుడమేరు వాగుకు గండ్లు పడి సింగ్‌నగర్, పాయకాపురం, వాంబే కాలనీ వైపు లక్షల మంది రోజుల తరబడి నీళ్లలో ఉన్నారు. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ నుంచి 11.4 లక్షల క్యూసెక్కులు కిందికి వెళ్లాయి, బ్యారేజీ చరిత్రలోనే అత్యధికం. ఆ తర్వాత ఇల్లు వెతికేవాళ్ల ప్రశ్నల్లో వాస్తు పక్కన కొత్త ప్రశ్న చేరింది: "ఇటు నీళ్లొచ్చాయా?" బందరు రోడ్డు వైపు చాలా భాగం బుడమేరు బారిన పడలేదు కాబట్టి అమ్మేవాళ్లకు అది చెప్పుకోదగ్గ మాటయింది. యనమలకుదురు వైపు మాత్రం ఆ మాట జాగ్రత్తగా వినాలి. కరకట్టకు లోపలున్న ఇల్లూ, నది వైపున్న ఇల్లూ ఒకటి కాదు. ఆ కట్టకు నది వైపు తక్కువ ధరకు దొరికిన చోట ఇళ్లు కట్టుకున్నది ఎక్కువగా కూలి జనమే. వరద ముప్పును మార్కెట్టు ఇక్కడ చాలా కచ్చితంగా లెక్కగట్టింది, అది మోయాల్సినవాళ్లను కూడా తానే ఎంచింది.

వయసు మీదపడుతున్న ఫ్లాట్లు

ఇంకో పదేళ్లలో ఈ మార్కెట్టును కదిపేది బహుశా రాజధానికంటే వయసు. ఆంధ్రప్రదేశ్‌లో ఒక స్త్రీకి సగటు పిల్లల సంఖ్య 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికే 1.7. జనం తగ్గకుండా ఉండాలంటే 2.1 కావాలి. పల్లె నుంచి చదువు కోసం వచ్చే కుటుంబాల్లో ఇద్దరు పిల్లల చోట ఒక్కరే కనిపించే రోజులు వచ్చేశాయి. అద్దెకు స్థిరమైన పునాది అనుకున్న వర్గం నెమ్మదిగా సన్నబడుతుంది. ఆటోనగర్ కూడా మారుతోంది. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 కాలుష్య ప్రమాణాల ఇంజన్లు, 2025 అక్టోబరు నుంచి కొత్త పెద్ద లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి. ఫ్యాక్టరీలోనే క్యాబిన్‌తో తయారై వచ్చే లారీకి ఇక్కడి బాడీ షెడ్డుతో పని తగ్గుతుంది. పని తగ్గితే గది తలుపులు మూతపడతాయి.

మరోవైపు తల్లిదండ్రులు. కొడుకు కొన్న మూడు బెడ్‌రూముల ఫ్లాటులో డెబ్బయ్యేళ్ల దంపతులు ఒక గదిలో ఉంటారు, మిగతా రెండూ బొమ్మల కొలువులా సర్ది ఉంటాయి. అపార్ట్‌మెంటు సంఘం సమావేశాల్లో చర్చ పిల్లల ఆటస్థలం మీద జరగదు, లిఫ్టు జనరేటరు మీద, వాచ్‌మన్ జీతం మీద జరుగుతుంది. ఆ వాచ్‌మన్ ఎక్కువగా మెట్ట ప్రాంతం నుంచి భార్యాపిల్లలతో వచ్చి, స్టిల్టులోని ఒక గదిలో ఉంటున్న మనిషి. భవనంలో రోజూ వినిపించే పిల్లల గొంతు చాలాచోట్ల అతని పిల్లలదే.

ఆ దంపతుల తర్వాత ఆ ఫ్లాట్లు ఎవరివి? అమెరికాలో పుట్టిన మనవలకు పోరంకిలో ఫ్లాటు అక్కర్లేదు. అమ్మాలంటే పని ఉంది. అమ్మేది ప్రవాసి అయితే కొనేవాడు మామూలుగా కోసే 1 శాతానికి బదులు చాలా పెద్ద మొత్తం ముందే పన్నుగా కోసి కట్టాలి, ధర 50 లక్షలలోపు అయితే కోయక్కర్లేదన్న వెసులుబాటూ వర్తించదు. ఈ తలనొప్పి తెలిసిన కొనుగోలుదారు ధర తగ్గించమంటాడు, లేదా పక్క ఫ్లాటు చూసుకుంటాడు. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ అక్కడి కాన్సులేట్‌లో చేయించి, ఇక్కడికి తెచ్చి మూడు నెలల్లో స్టాంపు వేయించాలి. ఇద్దరన్నదమ్ములు రెండు దేశాల్లో ఉంటే రెండు కాగితాలు.

అంతకంటే మొండి సమస్య 1990లలో కట్టిన పాత అపార్ట్‌మెంట్లది. లిఫ్టు లేని మూడంతస్తులు, తుప్పు బయటికి తన్నిన పిల్లర్లు, ఉప్పెక్కిన గోడలు. పడగొట్టి కట్టాలంటే అవిభాజ్య వాటా ఉన్న ప్రతి యజమానీ సంతకం పెట్టాలి. పన్నెండు ఫ్లాట్లలో నలుగురు ఇక్కడున్నారు, ముగ్గురు హైదరాబాదులో, ఇద్దరు అమెరికాలో, ఇద్దరు చనిపోతే వారసుల మధ్య తేలలేదు, ఒకరి ఆచూకీ వాట్సాప్ గ్రూపులోనూ లేదు. ఇలాంటి భవనాల్లో ఫ్లాటు విలువంటే ఇప్పుడు గోడల విలువ కాదు, ఆ 40, 50 గజాల నేల వాటా విలువే. బిల్డర్లు చూస్తున్నదీ దాన్నే. ఎవరూ ఒప్పందానికి రాక అవి అలాగే ఉండిపోతున్నాయి కాబట్టి ఆటోనగర్ మేస్త్రులు, కొత్తగా పెళ్లయిన డెలివరీ కుర్రాళ్లు తక్కువ అద్దెకు అందులో కాపురం పెడుతున్నారు. ఈ రోడ్డు మీద చిన్న జీతానికి అందుతున్న ఫ్లాట్లు ప్రస్తుతానికి అవే. పన్నెండో సంతకం దొరికిన రోజున అవి కూడా ఉండవు.